చిన్న డ్రమ్ కిట్‌కు సింబల్స్: 16 అంగుళాల బేస్ డ్రమ్, కాంక్రీటు హాలు, 30,000 రూపాయలు

తెనాలి_లయ

అందరికీ నమస్కారం. మా ఊరి సంఘంలో మూడేళ్ళుగా ఆదివారం ఆరాధనకు డ్రమ్స్ వాయిస్తున్నాను. మా మందిరం 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు ఉంటుంది. పైన కాంక్రీటు స్లాబు, గోడలకు నడుము ఎత్తు దాకా టైల్స్ ఉన్నాయి. ఆదివారం 80 మంది దాకా వస్తారు. పాత పెద్ద కిట్ మోత భరించలేకపోతున్నామని పెద్దలు అంటే, పోయిన ఏడాది దాన్ని తీసేసి చిన్న కిట్ కొన్నాం. బేస్ డ్రమ్ 16, టామ్ 10, ఫ్లోర్ టామ్ 13, స్నేర్ 14 అంగుళాలు.

డ్రమ్ముల మోత నిజంగానే తగ్గింది కాని, కిట్‌తో పాటు వచ్చిన ఇత్తడి సింబల్స్ (కర్రతో కొట్టే లోహపు పళ్ళాలు) మాత్రం వెనుకటికంటే ఎక్కువగా వినబడుతున్నాయి. 13 అంగుళాల హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట పళ్ళాలు) తెరిచి వాయిస్తే పాట మాటలు తెలియడం లేదు. పాటలో ఊపు కోసం అప్పుడప్పుడు కొట్టే 16 అంగుళాల క్రాష్ కొడితే ముందు వరుసలో కూర్చునే పెద్దావిడ ఒకరు రెండు చెవులూ మూసుకుంటున్నారు. ఆవిడ అలా చేసినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతోంది. 150వ కీర్తనలోనే తాళాల మాట ఉంది గనుక డ్రమ్స్ వద్దని ఎవరూ అనడం లేదు, పాట వినబడేలా వాయించమంటున్నారు. సంఘం 30,000 రూపాయలు కేటాయించింది. దీనితో ఏం కొనాలో, ఎన్ని కొనాలో, ఏ సైజులు తీసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గుంటూరు_బీట్స్

వందనాలు బ్రదర్. మీ బడ్జెట్‌లో బి8 అనే రకం కంచుతో చేసిన బాక్స్ సెట్ వస్తుంది. హై-హ్యాట్, క్రాష్, రైడ్ (వరుసగా తాళం నడిపే పెద్ద సింబల్) మూడూ ఒకే పెట్టెలో, ఒకే కంపెనీవి, ఒకదానితో ఒకటి కలిసే స్వరంలో ఉంటాయి. కిట్ చిన్నది కాబట్టి హ్యాట్ 13, క్రాష్ 14 ఉన్న సెట్ వెతకండి. చిన్న డ్రమ్ముల మధ్య పెద్ద సింబల్స్ పెడితే బరువంతా పైనే ఉన్నట్టు వినబడుతుంది. ఏ స్టిక్స్ వాడుతున్నారో కూడా రాయండి, మందపాటి 5బి అయితే ముందు సన్నని 7ఎ కి మారండి.

బుడితి_కంచు

సెట్ కొనే ముందు లోహం సంగతి తెలుసుకుంటే మంచిది. మా ఊరి చుట్టుపక్కల కంచు, ఇత్తడి సామాను చేసే ఇళ్ళు ఉన్నాయి కాబట్టి నాకు ఇది చిన్నప్పటి నుంచి చెవికి తెలిసిన విషయం. ఇంట్లో కంచు కంచం ఉంటే అంచు కింద మూడు వేళ్ళు ఆనించి పైకెత్తి, గోటితో ఒక్కసారి మీటి చూడండి. మోత మెల్లగా, పొరలు పొరలుగా తగ్గుతుంది. అదే విధంగా ఇత్తడి పళ్ళాన్ని మీటితే శబ్దం ఒక్కసారిగా లేచి, ఒకే స్వరంలో నిలబడి, ఆ తరువాత చప్పున పోతుంది. మీ మందిరంలో జరుగుతున్నదీ ఇదే. ఇత్తడి సింబల్‌కు లోపలి స్వరాలు తక్కువ, ఉన్న ఆ ఒక్క స్వరమే చెవికి తగులుతుంది.

సింబల్స్‌లో వాడే మిశ్రమాలు ముఖ్యంగా మూడు. మొదటిది ఇత్తడి, అందులో సుమారు 63 శాతం రాగి, 37 శాతం జింక్. రెండవది బి8, అందులో 92 శాతం రాగి, 8 శాతం తగరం. దీన్ని రేకుగా సాగదీసి గుండ్రంగా కోసి, అచ్చులో నొక్కి, సుత్తి దెబ్బలు వేస్తారు. మూడవది బి20, 80 శాతం రాగి, 20 శాతం తగరం. ఇది మన కంచానికి చాలా దగ్గరి లోహం. తగరం అంత ఎక్కువైతే లోహం పెళుసుబారుతుంది కనుక దీన్ని ఒక్కో ముద్దగా పోత పోసి, వేడి చేస్తూ సాగదీసి, ఎర్రగా కాలినప్పుడే నీళ్ళలో ముంచుతారు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, కంచు మాత్రం సుత్తి దెబ్బకు లొంగే మెత్తదనానికి వస్తుంది. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన జిల్జియన్ సింబల్ కంపెనీ వారి పేరు ఈ పని మీదే నిలబడింది. ఆ ఇంటివాడే అయిన రాబర్ట్ జిల్జియన్ 1981లో కెనడాలో సేబియన్ కంపెనీ పెట్టారు.

బి8 అంటే చవక, బి20 అంటే మేలు అని గీత గీసినట్టు చెప్పలేం. పైస్టీ కంపెనీ వారి '2002' అనే పేరున్న సింబల్స్ 1971 నుంచి బి8తోనే వస్తున్నాయి, రాక్ సంగీతంలో వాటికి ఉన్న గౌరవం అందరికీ తెలిసిందే. కాని ఆ మోత తళతళలాడుతూ ముందుకు దూసుకొచ్చే మోత. టైల్స్ గోడల మధ్య పాటకు అడ్డం రాకుండా ఉండాలంటే నా ఓటు బి20 కే. ఆ డబ్బుకు కొత్తవి మూడు రావు, కాబట్టి రెండే కొనండి, లేదా పాతవి చూడండి.

పాత_ఆర్కెస్ట్రా

నేను ముప్పై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించాను. పెళ్ళి పందిళ్ళలో, కళ్యాణ మండపాల్లో, రేకుల షెడ్లలో, అన్నిచోట్లా. బాక్స్ సెట్ కొనవద్దు నాయనా. ఆ పెట్టెలోని రైడ్ మీ హాలులో ఎప్పుడూ మోగించరు, దానికి పెట్టిన డబ్బు హై-హ్యాట్ నుంచి కోసుకున్న డబ్బే అవుతుంది.

ఒక ఆరాధనలో మీ కర్ర దేని మీద ఎన్నిసార్లు పడుతుందో లెక్క వేసుకోండి. పది దెబ్బల్లో ఏడెనిమిది హై-హ్యాట్ మీదే పడతాయి. క్రాష్ పాటకు మూడు నాలుగు సార్లు. అందుచేత సగానికి పైగా డబ్బు హై-హ్యాట్‌కే పోవాలి. 14 అంగుళాల జత తీసుకోండి, పై పళ్ళెం పలుచగా, కింది పళ్ళెం దానికంటే బరువుగా ఉండాలి. కింద బరువు ఉంటే కాలితో మూసినప్పుడు 'చిక్' అన్న శబ్దం స్పష్టంగా వస్తుంది, పైన పలుచదనం ఉంటే కర్ర మెల్లగా తగిలినా పలుకుతుంది.

రెండవది 18 అంగుళాల పలుచని క్రాష్. దాని నడుమ కర్ర మొనతో తడితే రైడ్ పని చేస్తుంది, అంచు మీద ఒరగదీస్తే క్రాష్ అవుతుంది. ఇంతే, మూడవ స్టాండ్ పెట్టడానికి మీ వేదిక మీద చోటు కూడా ఉండదు.

గుంటూరు_బీట్స్

మాస్టారూ, హై-హ్యాట్ మీద ఎక్కువ పెట్టమన్న మాట ఒప్పుకుంటున్నాను. కాని 16 అంగుళాల బేస్ డ్రమ్ ఉన్న కిట్ మీద 18 అంగుళాల క్రాష్ ఏమిటి? సింబల్ బేస్ డ్రమ్ కంటే పెద్దది అవుతుంది. మోత తగ్గించాలని అడుగుతున్న మనిషికి పెద్ద సింబల్ ఎలా చెప్తాం? చిన్న సింబల్ తక్కువసేపు మోగుతుంది, ఆ కాంక్రీటు హాలులో అదే కావలసింది.

పాత_ఆర్కెస్ట్రా

కంటికి అలా తోస్తుంది, చెవికి అలా ఉండదు. 1960లలో జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ బృందంలో డ్రమ్మర్ టోనీ విలియమ్స్ వాయించిన కిట్ బేస్ డ్రమ్ 18 అంగుళాలే, దాని మీద ఆయన పెట్టుకున్న జిల్జియన్ వారి 'కె' రకం రైడ్ మాత్రం 22 అంగుళాలు. ఆ చిన్న డ్రమ్ముల పైన ఆ పెద్ద పళ్ళెం ఎంత మెత్తగా పరుచుకుంటుందో ఆ రికార్డులు విన్నవారికి చెప్పనక్కరలేదు.

సింబల్ స్వరాన్ని నిర్ణయించేవి రెండు, వెడల్పూ మందమూ. వెడల్పు పెరిగితే స్వరం కిందికి దిగుతుంది, మందం పెరిగితే పైకి పోతుంది. ముందు వరుస పెద్దావిడకు బాధ కలిగించేది మోత పరిమాణం ఒక్కటే కాదు, ఆ మోత ఏ స్వరంలో ఉందన్నది. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య స్వరాలకు ఎక్కువ సున్నితంగా ఉంటుంది. పాటలో స, ష, చ వంటి అక్షరాల స్పష్టత కూడా ఆ ప్రాంతంలోనూ దాని పైనా ఉంటుంది. చిన్నదీ మందమైనదీ అయిన సింబల్ సరిగ్గా అక్కడే గుచ్చుతుంది. పలుచని 18 అంటే ప్రధానమైన స్వరం కిందికి దిగి, చిన్న దెబ్బకే తెరుచుకుంటుంది, అంటే మీరు గట్టిగా కొట్టవలసిన అవసరమే రాదు. మందమైన సింబల్‌ను మెల్లగా తడితే అది పలకదు, పలకలేదని గట్టిగా కొడతాం, కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

అయినా మీరు చెప్పినదానిలో నిజం ఉంది. పెద్దది ఎక్కువసేపు నిలుస్తుంది. అది ఆ హాలులో ఎంతవరకు సరిపోతుందో అక్కడ వాయించి చూస్తేనే తెలుస్తుంది.

విశాఖ_మిక్సర్

నేను డ్రమ్మర్‌ను కాను, మందిరాల్లో సౌండ్ చూస్తాను. ఒక ప్రశ్న: పాడేవారి మైకులు డ్రమ్స్‌కు ఎంత దూరంలో ఉన్నాయి? చిన్న వేదికల మీద గాయకుల వెనుకే డ్రమ్స్ పెడతారు. అప్పుడు పాడేవారి మైకులోకి గొంతుతో పాటు సింబల్ కూడా వెళ్ళి, గొంతు పెంచినప్పుడల్లా సింబల్ కూడా స్పీకర్లలోంచి పెరిగి వస్తుంది. ఇది సరిచేయకుండా బి20 కొన్నా పెద్ద తేడా రాదు. డ్రమ్స్‌ను వేదిక పక్క మూలకు జరిపి, ఆ వెనుక గోడకు మందపాటి దుప్పటి లేదా తెర వేలాడదీయండి; పాడేవారి మైకుల వీపు డ్రమ్స్ వైపు ఉండేలా తిప్పండి.

ఇక పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. క్రాష్ అడుగున, అంచుకు రెండంగుళాల లోపలగా, బెత్తెడు గుడ్డ టేపు అంటించి ఒక ఆదివారం వాయించండి. మోత త్వరగా ఆగడం వల్ల మీ సమస్య తీరితే, మీకు కావలసింది తక్కువసేపు మోగే సింబల్ అని అర్థం. టేపు వేసినా చెవికి గుచ్చుతూనే ఉంటే స్వరం మారాలి, అప్పుడు మాస్టారు చెప్పినదే సరైన మార్గం.

తెనాలి_లయ

విశాఖ_మిక్సర్ గారూ, మీరు అడిగినట్టే ఉంది పరిస్థితి. పాడేవారు నా ముందు నాలుగు అడుగుల దూరంలోనే నిలబడుతున్నారు. శనివారం సాయంత్రం ముగ్గురం కలిసి కిట్‌ను ఎడమ మూలకు జరిపాం, వెనుక రెండు దుప్పట్లు కట్టాం. ఆదివారం టేపు కూడా వేసి వాయించాను.

ఫలితం ఇలా ఉంది. మాటలు వినబడ్డాయని అందరూ అన్నారు. క్రాష్ త్వరగా ఆగింది. కాని కొట్టిన ఆ మొదటి క్షణంలో డబ్బా మూత మీద కొట్టినట్టు వచ్చింది, పెద్దావిడ ఈసారి చెవులు మూసుకోలేదు గాని ముఖం చిట్లించారు. హై-హ్యాట్‌లో ఏ మార్పూ లేదు. అంటే స్వరం మారాలన్నమాట. కొత్తవి రెండు బి20లు బడ్జెట్‌లో రావడం లేదు కనుక పాతవి చూస్తాను. పాతవి కొనేటప్పుడు ఏం చూడాలి?

డల్లాస్_తాళం

ఇక్కడ అమెరికాలో పాత సింబల్స్ దొరకడం సులువు, మా బావమరిది డిసెంబరులో విజయవాడ వస్తున్నాడు, తెప్పించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త చెప్తాను. విమానంలో వేసే పెద్ద సూట్‌కేసు లోపలి వెడల్పును టేపుతో కొలిస్తే చాలావాటిలో 18 అంగుళాల చుట్టుపక్కలే వస్తుంది, 20 అంగుళాల రైడ్ అందులో పట్టదు. హ్యాట్ జత మాత్రం బట్టల మధ్య హాయిగా వస్తుంది. తీసుకొచ్చేవారి చేతిలో కొన్న రసీదు ఉండాలి.

బుడితి_కంచు

పాతవి కొనేటప్పుడు సంచిలో మూడు వస్తువులు పెట్టుకోండి: టార్చి, కొలత టేపు, కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం.

సింబల్‌ను స్టాండ్ మీద నుంచి తీయించి, నడిమి రంధ్రంలో చూపుడు వేలు దూర్చి వేలాడదీయండి. అడుగు నుంచి టార్చి వేసి, చుట్టూ మెల్లగా తిప్పుతూ పైనుంచి చూడండి. పగులు ఉంటే వెంట్రుకవాసి వెలుగు కనబడుతుంది. తరువాత బొటనవేలి గోరును అంచు వెంట ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ ఆగి చూడాలి. సింబల్ మీద చుట్టూ చెక్కి ఉండే సన్నని లేత్ గీతల మధ్య గుండ్రంగా నడిచే పగుళ్ళు కంటికి త్వరగా చిక్కవు, వాటిని చెవితోనే పట్టాలి: వేలితో తట్టినప్పుడు మోత చివర్లో ఈగ రెక్కలాడినట్టు జుంయ్‌మని వినబడితే ఆ సింబల్ వదిలేయండి. కంచు ఇత్తడిలా సొట్టపడి ఊరుకోదు, పగులు మొదలైతే నడుస్తూనే ఉంటుంది.

నడిమి రంధ్రం గుండ్రంగా ఉందా, ఒక పక్కకు సాగి తాళంచెవి కన్నంలా అయిందా చూడండి. సాగి ఉంటే ఆ మనిషి ప్లాస్టిక్ గొట్టం లేకుండా ఇనుప కడ్డీ మీదే వాయించాడని అర్థం, మిగతా జాగ్రత్త కూడా అంతే ఉండి ఉంటుంది.

ఇక తూకం. పలుచన, మందం అన్న మాటలు కంపెనీకొక రకంగా వాడతాయి, గ్రాములు మాత్రం మారవు. 18 అంగుళాల క్రాష్ 1,300 నుంచి 1,400 గ్రాముల మధ్య తూగితే పలుచనిది. 1,600 దాటితే మీకు వద్దు. హ్యాట్‌లో పై పళ్ళెం 850 నుంచి 950 గ్రాములు ఉంటే చాలు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. మెరుస్తోందా లేదా అన్నది చూడకండి. మా చుట్టాల మందిరంలో క్రిస్మస్‌కు ముందు ప్రేమతో ఎవరో సింబల్స్‌ను చింతపండుతో, సామాను తోమే పొడితో కొబ్బరి పీచు పెట్టి తోమారు. పైపూత అక్కడక్కడ లేచిపోయింది, లేత్ గీతల్లో పొడి చిక్కుకుపోయింది, పై స్వరాలు మూగబోయాయి. నల్లబడిన సింబల్‌ను మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, అంతకంటే ఏమీ చేయకండి.

మియాపూర్_ఫ్లాట్

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నిండా రంధ్రాలు ఉండే జిల్జియన్ ఎల్80 వంటి తక్కువ మోత సింబల్స్ మందిరానికి పనికిరావా? నేను ఫ్లాట్‌లో సాధనకు వాడుతున్నాను, పక్కింటివారికి ఇబ్బంది లేదు.

పాత_ఆర్కెస్ట్రా

సాధనకు అవి మంచివే. కాని 80 మంది గొంతెత్తి పాడేచోట వాటి మోత అసలు వినబడదు, మళ్ళీ వాటికి మైకు పెట్టాలి. సింబల్‌ను మెల్లగా వాయించడం చేతికి అలవాటు కావాలంటే మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలికే సింబల్ ఎదుట ఉండాలి.

తెనాలి_లయ

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. హైదరాబాదులో పాత వాద్యాలు అమ్మే ఒకరి దగ్గరికి నా స్నేర్, నా 7ఎ స్టిక్స్, తూకం పట్టుకుని వెళ్ళాను. మా పాటల బృందంలో పాడే చెల్లి కూడా వచ్చింది. దుకాణంలో సింబల్ ముందు కూర్చుని విన్నప్పుడు అన్నీ బాగానే అనిపించాయి. అందుకే తనను 20 అడుగుల దూరంలో నిలబెట్టి మా ఆరాధన పాట మైకు లేకుండా పాడించాను, నేను ఒక్కొక్కటి మార్చి వాయిస్తుంటే ఒక తమ్ముడు దూరంగా నిలబడి ఏ సింబల్‌తో మాట తెలుస్తోందో కాగితం మీద రాసుకున్నాడు.

16 అంగుళాల పలుచని క్రాష్, 18 అంగుళాలవి రెండు వచ్చాయి. గుంటూరు_బీట్స్ గారూ, మీరు చెప్పినట్టే 16 త్వరగా ఆగింది, చాలా అందంగా కూడా ఉంది. కాని దాని నడుమ రైడ్ వాయిస్తే నాలుగు మాత్రలకే మోత పోగుపడి తాళం కలిసిపోయింది. 18 అంగుళాలవాటిలో ఒకటి 1,640 గ్రాములు తూగింది, దాన్ని కొట్టగానే చెల్లి పాట ఆపేసింది. రెండవది 1,330 గ్రాములు, టర్కీలో చేతి సుత్తి దెబ్బలతో చేసినది, అంచు దగ్గర వేలితో నొక్కితే కాస్త వంగుతుంది. దాన్ని మొదటిసారి తాకినప్పుడు గాలి లోపలికి పీల్చి వదిలినట్టు 'హా' అని వచ్చిన మోత చెల్లి గొంతుకు అడుగున సర్దుకుంది. దూరంగా ఉన్న తమ్ముడు కాగితం మీద ఒక్క టిక్కు పెట్టి చూపించాడు. దానికి 12,500 రూపాయలు ఇచ్చాను. 14 అంగుళాల బి20 హై-హ్యాట్ జతకు 16,500 అయింది. పై పళ్ళెం 930, కింది పళ్ళెం 1,210 గ్రాములు ఉన్నాయి. మిగిలిన 1,000 రూపాయలతో సింబల్ కింద, పైన పెట్టే కొత్త ఫెల్టు బిళ్ళలు, ప్లాస్టిక్ గొట్టాలు, ఒక జత రాడ్లు (సన్నని కట్టెపుల్లల్ని కట్టగా కట్టిన స్టిక్స్) కొన్నాను.

ఆదివారం వాయించాను. ఆరాధన అయ్యాక ఆ పెద్దావిడ దగ్గరికి నేనే వెళ్ళి అడిగాను. "ఇవాళ డ్రమ్స్ వాయించావా అబ్బాయీ? పాట బాగుంది" అన్నారు.

ఒక లోటు ఉంది. వేగమైన పాటలో 18 మీద రైడ్ వాయిస్తే కర్ర మొన శబ్దం కొంచెం మసకబారుతోంది, అక్కడ హై-హ్యాట్‌కే తిరిగి వస్తున్నాను. ఇంకొక సందేహం: హై-హ్యాట్‌ను కాలితో మూసినప్పుడు ఒక్కోసారి 'చిక్' రావడం లేదు, మెత్తగా 'పఫ్' అని ఆగిపోతోంది. పళ్ళాల్లో లోపం ఉందేమోనని భయంగా ఉంది.

పాత_ఆర్కెస్ట్రా

లోపం కాదు. రెండు పళ్ళాలు సరిగ్గా సమంగా కలిసినప్పుడు మధ్యలో గాలి చిక్కుకుంటుంది, అప్పుడు ఆ 'పఫ్' వస్తుంది. కింది పళ్ళెం కూర్చునే గిన్నె పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని ఒక చుట్టు బిగిస్తే కింది పళ్ళెం ఒక పక్కకు కొద్దిగా లేస్తుంది, గాలి బయటికి పోయే దారి దొరుకుతుంది. పై పళ్ళేన్ని కడ్డీకి పట్టి ఉంచే క్లచ్ కూడా మరీ బిగించకండి, పై పళ్ళెం చేత్తో కదిపితే కొంచెం ఊగాలి. రెండు పళ్ళాల మధ్య బొటనవేలి వెడల్పు ఎడం చాలు.

తెనాలి_లయ

ఇప్పుడే మందిరానికి వెళ్ళి చూసి వచ్చాను మాస్టారూ. స్క్రూ పూర్తిగా వదులై ఉంది. ఒక చుట్టున్నర బిగించి, క్లచ్ కొంచెం వదులు చేశాను. ఖాళీ హాలులో కాలితో వరుసగా ముప్పై సార్లు మూసి చూశాను, ప్రతిసారీ 'చిక్' అని పలికింది.